బెల్లం పూసిన పొగగొట్టం

"కొంచెం పొగ వస్తోంది బావా, అంతే" అని నా బావమరిది సూరిబాబు ఫోనులో చెప్పాడు. ఎంత అని అడిగాను. "కొంచెమే" అన్నాడు. ఎక్కడి నుంచి అని అడిగాను. "లోపల్నుంచి" అన్నాడు. ఇంజిను ఎంత వేడెక్కుతోందంటే "మామూలే" అన్నాడు. కాకినాడ రేవులో ముప్పై ఒక్క సంవత్సరాలు మర పడవల ఇంజిన్లను తనిఖీ చేసిన వాణ్ణి. కొంచెం, మామూలే, పర్వాలేదు అనే మూడు మాటలు ముంచినన్ని పడవలను తుఫానులు కూడా ముంచలేదని నా అభిప్రాయం.

ఫోను పెట్టేసే ముందు, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చిన వాడిలా, "మన బోటు డ్రైవరు నూకరాజు మొన్న ఇంజిను ఆడించి క్యాబిన్‌లో పడుకుని లేవలేదు బావా. బయటికి ఈడ్చి నీళ్లు కొడితే లేచేడు. ఎండదెబ్బ" అన్నాడు.

నేను వెంటనే సంచి సర్దుకున్నాను. మరునాటి అర్ధరాత్రితో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. ఆ తెల్లవారుజామున నలుగురు మనుషులు అదే పడవలో బయలుదేరి, వంతులవారీగా అదే క్యాబిన్‌లో పడుకోబోతున్నారు.

సూరిబాబు అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. బెల్లం రంగు చూసి అది ఏ ఊరి చెరకో చెప్పగలడు. ఆ తెలివి పడవలకూ పనికివస్తుందన్న నమ్మకంతో పాత ఫైబర్ బోటు ఒకటి కొని రాంబిల్లి తీరంలో వేటకు పెట్టాడు.

సామర్లకోటలో ఉదయం 6.20కి రావలసిన రైలు 6.50 దాటాక వచ్చింది. ఎదురు సీటులో తునికి వెళ్తున్న మామిడిపళ్ల వ్యాపారి నా సంచిలో ఉష్ణోగ్రత చూసే మీటరును గమనించి, డాక్టరునా అని అడిగాడు. పడవకు వైద్యం చేయడానికి వెళ్తున్నానన్నాను. "పడవకి కూడా జ్వరమేనా!" అని నవ్వాడు. అజ్ఞానంతోనే అయినా, ఆ రోజు నేను విన్న సరైన మాట అదొక్కటే.

రాంబిల్లికి వెళ్లదలచిన వారు ఎలమంచిలిలో దిగాలి. అది దగ్గర. నేను మాత్రం అనకాపల్లి దాకా పోయి, మళ్లీ వెనక్కి ప్రయాణించాను. కారణం, బెల్లం మార్కెట్ యార్డులో సరుకు చూసుకున్నాక గాని సూరిబాబు కదలలేడట. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. ఈ యాత్రలో నేను తప్పు పట్టలేకపోయిన వస్తువు ఆ ఇడ్లీ ఒక్కటే.

10.40కి సూరిబాబూ నేనూ అచ్యుతాపురం బస్సు ఎక్కాం. ఇంట్లో కారు ఉండగా బస్సు ఎందుకని అడిగితే పెట్రోలు దండగ అన్నాడు. అతని ఒళ్లో మూత బిగించిన స్టీలు క్యారేజీ ఉంది. భోజనమనుకున్నాను. అచ్యుతాపురంలో షేర్ ఆటోకి మారి, ఒంటిగంటకు తీరానికి చేరాం.

నూకరాజు నలభై ఏళ్ల మనిషి. మూడు రోజులైనా కళ్లలో ఎర్రదనం పోలేదు. అతని భార్య అప్పలనర్సమ్మ పడవ నీడలో కూర్చుని వల సర్దుతోంది.

"తలనొప్పి ఉందా?" అని అడిగాను.

"ఉండీ లేనట్టు ఉంది బాబూ."

అది సమాధానం కాదని చెప్పాను. భార్యే జవాబిచ్చింది. "ఆడికేటి తెలుత్తాది బాబూ! రాత్రి నన్ను పట్టుకుని మాయమ్మ పేరెట్టి పిలిసేడు."

పడవను నీళ్లలోకి దించి ఇంజిను ఆడించమన్నాను. ఈ రకం ఇంజిను పొగ కారు పొగలాగ పొడిగా పోదు. పంపు సముద్రపు నీటిని లాగి, ఇంజినును చల్లార్చి, ఎల్బో అనే వంపు గొట్టంలో పొగతో కలుపుతుంది. ఆ నీరు వేడిని మింగబట్టే దాని తరువాతి రబ్బరు గొట్టం కాలకుండా ఉంటుంది. అందుచేత వెనక తూములోంచి పొగతోపాటు నీళ్లు ధారాళంగా చిమ్మాలి. ఇక్కడ ఆవిరి మాత్రం ధారాళంగా వస్తోంది.

"మొదట్నుంచీ ఇలాగే దగ్గుతాది బాబూ. దానికది అలవాటు" అన్నాడు నూకరాజు.

తూము కింద బకెట్టు పట్టించాను. నిమిషంలో నిండవలసినది నాలుగు నిమిషాలకు సగమైంది. యాభై డిగ్రీల లోపు ఉండవలసిన రబ్బరు గొట్టం మీద మీటరు నూట పదహారు చూపింది. "కొంచెం" అంటే నూట పదహారు అని పాఠకులు గుర్తుంచుకోవచ్చు.

ఇంజిను ఆపి మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను. నీళ్లు లాగే చోట జల్లెడ శుభ్రంగా ఉంది. పంపులోని రబ్బరు రెక్కలన్నీ ఉన్నాయి. ఎల్బోకి నీళ్లు తెచ్చే గొట్టం విప్పి ఒక్క క్షణం ఇంజిను ఆడిస్తే నీళ్లు నిండుగా వచ్చాయి. అడ్డు ఎల్బోలోనే ఉండాలి. చల్లారాక బోల్టులు విప్పి దాన్ని బోర్లించాను. పైన తెల్లగా, కింద బొగ్గులా ఉన్న గడ్డ ఒకటి అరచేతిలో పడింది. మాడిన పాకం వాసన వేసింది.

"ఇదేమిటి?"

"సున్నం, బెల్లం బావా!" అన్నాడు సూరిబాబు, సంతోషంగా. "గొట్టానికి చిల్లు పడితే నేనే మెత్తేను. ఒకటో రకం బెల్లం. మా బెల్లం పొయ్యి పొగగొట్టం పగిలితే ఇదే మెత్తుతాం, నాలుగు సీజన్లు కదల్దు. పొగగొట్టం పొగగొట్టమే గదా?"

"మీ పొయ్యి పొగగొట్టంలో సముద్రం పారుతుందా?"

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆ తరువాత క్యారేజీ మూత తీశాడు. "పాతది ఊడిపోయుంటాది బావా. అందుకే తాజాగా కలిపి తెచ్చేను."

ఆకలితో ఉన్న నేను ఆ క్యారేజీలోకి చూసిన చూపును వర్ణించను.

మెత్తిన పదార్థంలో సగం ఉప్పునీటికి కరిగి, మిగతా సగం వేడికి మాడి గడ్డకట్టి, లోపలికి జారి నీటి దారిని మూసింది. చిల్లు మాత్రం అలాగే ఉంది. అందులోంచి పొగ ఇంజిను గదిలోకి, అక్కడి పలకల సందుల్లోంచి క్యాబిన్‌లోకి చేరుతోంది. నూకరాజుకు తగిలింది ఎండ కాదు, పొగలోని విషవాయువు. దానికి రంగూ వాసనా ఉండవు. ఎల్బో గోడను స్క్రూడ్రైవరుతో నొక్కితే అప్పడంలా విరిగింది. ఇక దానికి మరమ్మతు లేదు. విశాఖపట్నం నుంచి కొత్తది తేవాలి.

సూరిబాబు ఉలిక్కిపడ్డాడు. "తొలి వేట బావా! రెండు నెలల తరవాత తొలి చేప! తెల్లారగట్ల ఊరంతా పోతే మన బోటు ఒడ్డునుంటాదా? నవ్వుతారు. ఒక్క రోజుకి కిటికీలు తీసి పడుకుంటార్లే."

"పోతాం బాబూ" అన్నాడు నూకరాజు కూడా. "నాకేటయింది? ఒడ్డునుంటే నా మనుసులు ఇంకో బోటెక్కిపోతారు."

నేను నూట పదహారు చెప్పాను. బకెట్టు లెక్క చెప్పాను. గాలిలో ఆ వాయువు ఏ మోతాదులో ఉంటే మనిషి ఎంతసేపటికి పడిపోతాడో చెప్పాను. వారు నన్ను పంచాంగం చదివేవాణ్ణి చూసినట్టు చూశారు.

అప్పలనర్సమ్మ వల పక్కన పెట్టింది. "అయితే సావుకారూ, రేపు తమరూ ఎక్కండి. క్యాబిన్లో సాప ఏత్తాను."

"నేనా? రేపు యార్డులో వేలం ఉంది గదా."

"ఏలం ఎల్లుండి సూసుకుందురు గాని. కిటికీలు తీత్తాం గదా?"

"నాకు సముద్రం పడదే."

"మా ఆడికి పొగ పడతాదేటి?"

చుట్టూ చేరిన జాలర్లు గట్టిగా నవ్వారు. ఆఖరికి నూకరాజు కూడా నవ్వి, ఇంజిను తాళం తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసింది. నా అంకెలు చేయలేని పని ఆ ముడి చేసిందని చెప్పడం నాకిష్టం లేదు. అయినా అది జరిగిన విషయం.

ఆ రాత్రి అచ్యుతాపురంలో లాడ్జిలో దిగాను. ఫ్యాను తిరిగిన సమయం కంటే కరెంటు లేని సమయమే ఎక్కువ. తెల్లవారి ఊరి పడవలన్నీ వెళ్లిపోయాయి. సూరిబాబు విశాఖపట్నం వెళ్లి మధ్యాహ్నం రెండింటికి కొత్త ఎల్బో, రబ్బరు గొట్టం తెచ్చాడు, అతుకు మధ్య బిగించే గ్యాస్కెట్ మరిచిపోయి. ఇలాంటిది జరుగుతుందనే కాకినాడ నుంచి గ్యాస్కెట్ రేకు తెచ్చుకున్నాను. కొలిచి కత్తిరించి బిగించాను. కాలిన రబ్బరు గొట్టం కూడా మార్చాను. అప్పలనర్సమ్మ తానే తాళం తిప్పి ఇంజిను ఆడిస్తే బకెట్టు నిమిషం లోపే నిండింది. మీటరు నలభై ఆరు చూపింది.

పడవ కదిలే ప్రతిసారీ బకెట్టు పట్టాలని, రబ్బరు గొట్టం వేడి చూడాలని నూకరాజుకు చెప్పాను. అతను మరీ తొందరగా తల ఊపడంతో అనుమానం వచ్చి, అదే మాట అతని భార్యకు కూడా చెప్పాను. సాయంత్రం నాలుగున్నరకు ఆమె తాళం భర్త చేతికిచ్చింది. ఒకడు ఇంకో బోటెక్కిపోగా మిగిలిన ఇద్దరితో నూకరాజు వెళ్లాడు.

మరునాడు ఎలమంచిలిలోనే రైలెక్కాను. సాగనంపడానికి వచ్చిన సూరిబాబు కాగితంలో చుట్టిన బెల్లం ముద్ద ఇచ్చాడు. సున్నం కలవలేదు గదా అని అడిగి తీసుకున్నాను. ఆ పడవను మళ్లీ చూడబోయేవారు వర్తకుణ్ణీ, డ్రైవరునూ అడగకుండా నేరుగా బకెట్టు పట్టాలని ఈ యాత్ర వల్ల నాకు కలిగిన అభిప్రాయం.

తుని దాటుతుండగా అప్పలనర్సమ్మ ఫోను చేసింది.

"బాబూ, ఆడొచ్చీసేడు. తల నొప్పెట్టలేదంట."

"రబ్బరు గొట్టం వేడి ఎంత ఉంది?"

"ఒడ్డుకి రాగానే నేనే ఎక్కి సెయ్యెట్టి సూసేను బాబూ. సల్లగుంది."

చల్లగా అన్నది అంకె కాదు. మళ్లీ అడగలేదు.