తిప్ప మీద నాగలి

పోయిన వారం హోసూరులో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోను చూస్తుంటే, మా అక్క ఉండే ఊరి నుంచి ఎవరో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన నోటీసును ఫోటో తీసి పంపారు. ఏటి మధ్యనున్న తిప్పనూ దానికి అటూ ఇటూ ఉన్న గట్లనూ ఇకమీదట ఎవరూ దున్నకూడదు, ఇసుక తీయకూడదు, ప్లాట్లు వేయకూడదు, షెడ్డు కూడా కట్టకూడదు, దీని మీద ఊరి సమ్మతి కోసం గ్రామసభ పెడుతున్నాము, అందరూ రావలసింది అని దాని సారాంశం. మంచి మాటే కదా, చదివి సంతోషించాలి కదా! నేను మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివి, దీని వెనక ఎవడున్నాడబ్బా అని అడుగున సంతకం కోసం వెతికాను. నా ఈడు వాళ్ళకు ఈ జబ్బు కొత్త కాదు. సర్కారు కాగితం ఊళ్ళోకి వచ్చిందంటే ఎవరి నేలకో మూడిందని మన పెద్దలు మనకు ఉగ్గుపాలతోనే పోశారు. పైగా నేను సర్వే శాఖలో తల నెరిసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ నన్ను అనుమానాల పుట్ట అంటుంది. అననీండి.

మా అక్కను ఇచ్చిన ఊరికి అప్పట్లో గురుబరపల్లిలో బస్సు దిగి, చేల గట్ల మీద గంటసేపు నడవాలి. ఏరు ఆ ఊరి దగ్గరకు వచ్చేసరికి రెండు పాయలుగా చీలి, మధ్యలో ఒక పొడుగాటి తిప్పను వదిలి, కిందికి పోయి మళ్ళీ కలుస్తుంది. తిప్ప అంటే ఉత్త ఇసుక కుప్ప అనుకోకండి. వావిలి పొదలు, కానుగ చెట్లు, మనిషెత్తు రెల్లు, ఎండాకాలం తాబేళ్ళు గుడ్లు పెట్టే మెత్తని అంచు, చెట్ల మీద కొంగల గోల, అదొక చిన్న లోకం. వానలు ముదిరినప్పుడు ఎగువ నుంచి దబ్బున వచ్చిపడే నీళ్ళు ముందు ఆ తిప్పను ఢీకొని, అక్కడ పొగరు తగ్గించుకుని, ఊరివైపు పాయలోకి మెల్లగా వచ్చేవి. సరిగ్గా దానికి ఎదురుగా గట్టు మీద మా అక్కవాళ్ళ రాగి చేలు. తిప్ప ఉన్నన్నాళ్ళే ఆ చేలు, ఆ చేలు ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు అని అందరికీ తెలుసు.

ఆ తిప్పకు ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. దాని మీద ఇనుము మోపకూడదు. కొడవలి గానీ పార గానీ గట్టు మీదే పెట్టి, వట్టి చేతులతో పాయ దాటి పోవాలి. రెల్లు కోయకూడదు, చేత్తో విరుచుకోవాలి, అదీ ఇంటికొక మోపు. మేకల్ని ఎక్కించకూడదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే చెప్పగలిగినవాడు లేడు గానీ, తప్పినవాడూ లేడు. కొత్తగా చుట్టంగా వెళ్ళిన రోజుల్లో నేను తెలియక జేబులో చిన్న చాకు పెట్టుకుని తిప్ప ఎక్కితే, బావ వాళ్ళ అవ్వ గట్టు మీద నుంచే నన్ను కేకలేసి వెనక్కి రప్పించి, ఏట్లో మూడు మునకలు వేయించి, ఆ చాకు తీసుకుపోయి రాగుల కుండలో పెట్టేసింది. నేను ఊరికి బయల్దేరేటప్పుడు గానీ తిరిగి ఇవ్వలేదు. చిన్న చాకుకే అంత రాద్ధాంతమా అని నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం ఇంకా గుర్తుంది.

తర్వాత రెండేళ్ళకు నాకు సర్వే శాఖలో చైను పట్టే పని దొరికింది. పేరుకు సర్కారు ఉద్యోగమే గానీ, చేసేది కొలత గొలుసు ఒక కొస పట్టుకుని ముళ్ళలో గుంతల్లో పడి నడవడం. అయినా ఖాకీ చొక్కా వేసుకుని అక్కవాళ్ళ ఊరికి పోతే, పెద్దవాళ్ళు కూడా నులక మంచం మీద చోటిచ్చి, ఏమప్పా ఆఫీసులో ఏమి సంగతులు అని అడిగేవారు. ఆ మర్యాద నా తలకెక్కింది. తెలిసినదాన్ని సగం చెప్పి, తెలియనిదాన్ని రెండింతలు చెప్పడం అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లోనే మా సర్వేయరు గారు నన్ను పిలిచి, ఆ తిప్పనే కొలవాలి, పద అన్నారు. ఆయన తంజావూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మాట తక్కువ. ఊరివాళ్ళు ఎళనీరు, అదే లేత కొబ్బరి బోండం, ఇస్తే పుచ్చుకోరు, టిఫిను పెడితే వద్దంటారు, తెచ్చుకున్న పెరుగన్నం చెట్టు కింద కూర్చుని తింటారు. పెట్టింది తిని పోయే అధికారి మీద ఊరికి ఎప్పుడూ అనుమానం రాదు, ఏమీ పుచ్చుకోనివాడిని చూస్తేనే భయం. వీడు ఏదో పెద్దదే పట్టుకుపోవడానికి వచ్చాడని గుసగుసలు మొదలయ్యాయి. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఇనుము సంగతి అవ్వ చెప్పగానే ఆయన మారుమాట్లాడకుండా గొలుసును గట్టు మీద పెట్టించి, కొబ్బరి పీచు తాడుకు ముడులు వేయించి దానితో తిప్పంతా కొలిపించారు. నాలుగు రోజుల పని పది రోజులైంది. ఊరిని బుట్టలో వేసుకోవడానికే ఈ వినయమని నాకు గట్టిగా అనిపించింది.

పోనీ కొలిచి ఊరుకున్నారా అంటే అదీ లేదు. రెల్లు వేరు ఎంత లోతుకు పోయిందో చేత్తో ఇసుక తోడి చూసేవారు, చెట్లు లెక్కపెట్టేవారు, పిట్టల్ని చూస్తూ మధ్యాహ్నాలు కూర్చునేవారు. ఒకరోజు జీపులో ఇద్దరు బూట్లవాళ్ళు వచ్చి ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడి, తిప్పను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి పోయారు. మర్నాడు ఆయన సర్వే పటంలో తిప్ప మొత్తానికీ పచ్చ సిరా పూసి, ఊరివైపు గట్టు మీద కూడా ఒక పట్టీ పూశారు. హోసూరు చుట్టూ చేలు పోయి ఫ్యాక్టరీల గోడలు లేస్తున్న కాలం అది. నాకు ఇంకేం కావాలి? జీపు, బూట్లు, ఇంగ్లీషు, పచ్చ రంగు, అన్నీ కలిపి ఒక కథ అల్లేసుకున్నాను. ఆ రంగు దేనికని ఆయన్ని ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవారే. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని ముందే తీర్మానించుకున్నాను.

ఆ సాయంత్రం అక్క నీళ్ళకు పోయినప్పుడు బావతో చెప్పేశాను. తిప్ప సర్కారుకు పోతోంది, తర్వాత ఏ కంపెనీకో ఇస్తారు, పటంలో రంగు కూడా వేసేశారు అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆఫీసు మనిషిని కదా, సలహా కూడా ఇచ్చాను. రిపోర్టు పోయేలోగా దున్ని విత్తనం చల్లితే అది సాగుభూమి అవుతుంది, ఈరోజు కాకపోతే రేపు పట్టా వస్తుంది అని. బావ పేనుతున్న పలుపు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"నిజమేనాప్పా నువ్వు చెప్పేది? ఇనుము మోపల్లంటే నాకు చెయ్యి రాదు."

నిజమే బావా, నా కళ్ళతో చూశాను అన్నాను. నా పేరు మాత్రం ఎక్కడా రానీయొద్దు, ఉద్యోగం పోతుంది అని చేతులు కూడా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున బావ ఎద్దుల్ని పాయ దాటించి తిప్ప మీద నాగలి పెట్టాడు. మొదటి చాలు పడేసరికి ఊరంతా అరుస్తూ గట్టు మీద చేరింది. తిప్ప కంపెనీకి పోతోందని బావ చెప్పాక అరవడం మాని, ఎవరి నాగలికి వాళ్ళు పరిగెత్తారు, ఎందుకంటే సర్కారు మీద ఉన్న అనుమానం అరపూటలో పక్కింటివాడి మీదికి మళ్ళింది. వాడు రెండు చాళ్ళు ఎక్కువ దున్నేస్తాడేమో, వీడు కంప ఇవతలికి జరుపుతాడేమో! తరతరాలుగా కొడవలి మోపని నేల మీద మూడు రోజుల్లో గొడ్డళ్ళు, పారలు, నాగళ్ళు అన్నీ ఆడాయి. వావిలి పొదలు కొట్టి కంచెలు వేసుకున్నారు. రెల్లు దుబ్బుల్ని వేళ్ళతో సహా పెళ్ళగించి ఉలవలు చల్లారు. అవ్వ మాత్రం గట్టు దిగలేదు.

"ఒరే, ఏరు చూస్తాండాదిరా" అని ఒక్కమాట అని ఇంట్లోకి పోయి పడుకుంది.

వారం తర్వాత సర్వేయరు గారితో నేనూ వెళ్ళాను. ఆయన గట్టు మీద నిలబడి దున్నిన తిప్పను చూసి, చెప్పులు విప్పి పాయ దాటి, ఆ చాళ్ళలో కాసేపు నడిచి వచ్చారు. నా వైపు చూస్తారేమోనని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఆయనకు నా మీద అనుమానమే రాలేదు. ఉన్నది ఉన్నట్టు, సాగులో ఉంది అని రిపోర్టు రాసి పంపారు.

ఆ ఏడు కార్తీకంలో ఎగువన కుండపోతగా వానలు పడ్డాయి. పట్టుకునే వేరు లేని తిప్ప ఎన్నాళ్ళు ఆగుతుంది? తల భాగం మొత్తం ఒక్క పొద్దులో కరిగిపోయింది, ఏరు ఊరివైపు పాయలోకి మొగ్గింది, అక్కవాళ్ళ చేలు మోకాలు లోతు ఇసుక కింద పడ్డాయి. మిగిలింది ఇంటి వెనక పెరడూ, గట్టున ఒక చిన్న మడీ. మొదటి నాగలి పెట్టినవాడు కాబట్టి ఊరంతా బావను తిట్టింది. అందరి నాగళ్ళూ ఆడాయి, పాపం ఒక్కడికే చుట్టుకుంది. నీకెవడు చెప్పినాడు ఇది అని పెద్దలు కూర్చోబెట్టి అడిగితే, నాకే తోచింది అన్నాడట. నేలపోయిన మనిషి హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి పనికి కుదిరాడు. నేను చాలాసార్లు టీ తాగించడానికి పోయేవాణ్ణి. ఇద్దరం పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాట ఆయనా ఎత్తలేదు, ఎత్తే ధైర్యం నాకూ లేదు. అక్క మాత్రం పండగకీ పబ్బానికీ, కూర మాడినా కుండ పగిలినా, నీ బుద్ధి కాలిపోను, అమ్మలాంటి తిప్ప మీద నాగలి పెట్టినావే అని ఆయన్ని సాధించేది. ఆయన తల వంచుకుని తినేసి లేచేవాడు. అలాగే తల వంచుకుని పోయాడు కూడా.

బావ ఉండగానే నన్ను ఒకసారి పాత రికార్డుల గదిలో పనికి వేశారు. అక్కడ ఆ తిప్ప ఫైలు నా చేతికి దొరికింది. ఆ బూట్లవాళ్ళు ఏదో కాలేజీలో మట్టినీ పిట్టలనూ చదివే మేష్టర్లట. పచ్చ రంగు వేసిన నేలకు, నాగలి పడకముందే సర్వేయరు గారు రాసిన షరతులు ఇవి: ఎవరికీ పట్టా ఇవ్వకూడదు, ఏ కంపెనీకీ కేటాయించకూడదు, దున్నకూడదు, ఇనుప పనిముట్టు వాడకూడదు, చేత్తో రెల్లు విరుచుకునే హక్కు మాత్రం ఇంటికొక మోపు చొప్పున ఆ ఊరివాళ్ళకు ఎప్పటికీ ఉండాలి. సాగులో ఉందన్న రిపోర్టుతో అవన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆ అవ్వ మాటల్నే ఆయన సర్కారు భాషలో రాసి పెట్టాడు మహానుభావుడు. ఆ గదిలో, ఆ దుమ్ములో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, ఫైలు కట్టి మళ్ళీ బీరువాలోనే పెట్టేశాను. బావ దగ్గరకు పోయి చెప్పలేదు. అంతటి పిరికివాణ్ణి.

గ్రామసభకు పోకుండా ఉండలేకపోయాను. చిన్న వయసు ఆఫీసరమ్మ నోటీసును తమిళంలో చదివి వినిపించింది. ఊరు మారింది గానీ గుసగుస మారలేదు. ఇది హైవే ప్లాట్లవాళ్ళ పనేనని ఒకరు, రిసార్టు కోసమని ఇంకొకరు. సంతకాల పుస్తకం ఒక వరస నుంచి ఇంకో వరసకు ఖాళీగానే తిరిగింది. ఆఖరికి ఎవరో లేచి, మీరు ఆ శాఖలో పనిచేసినారు కదప్పా, దీంట్లో ఏముండాదో మీరే చెప్పండి అన్నారు. ముందు వరసలో మా అక్క కూర్చుని ఉంది, మిగిలిన ఆ ఒక్క మడి కూడా ఇప్పుడు కరగ్గా మిగిలిన తిప్ప చాటునే బతుకుతోంది. నిజం చెబుతున్నాను, అప్పటికీ ఆ నోటీసు మీద నాకు పూర్తిగా నమ్మకం లేదు. అయినా లేచి అంతా చెప్పాను. పచ్చ సిరా, నా సలహా, నా పేరు రానీయొద్దని బావ చేతులు పట్టుకున్నది, ఫైలు, అన్నీ. చెప్పి కూర్చున్నాను. వెనక నుంచి ఒక కుర్రాడి గొంతు తమాషాగా, "ఈయప్పను యాడనుంచి తోలినారో కనుక్కోండిరా" అంది. అందరూ నవ్వారు. అప్పుడు నేనల్లిన కథను వారం తిరక్కుండా నమ్మిన ఊరు అది!

నవ్వులు ఆగకముందే మా అక్క లేచి, పుస్తకం లాక్కుని వేలిముద్ర వేసింది. ఆమె వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వేశారు, తర్వాత మగవాళ్ళు కొందరు. అక్క నా పక్కగా పోతూ ఆగింది.

"పోయేదాకా తిట్టినానురా ఆ మనిషిని. ఆయన ఒక్క తూరి కూడా నీ పేరెత్తలే."

ఆ కాగితం రేపు నిలుస్తుందో లేదో నాకు తెలియదు, నిలవాలని మాత్రం కోరుకుంటున్నాను. మన కాలంలో బయటివాణ్ణి ఎవరినీ నమ్మేవాళ్ళం కాదు గానీ, ఇంటి మనిషి ఒక మాట అడిగితే దానికోసం జీవితమంతా తల వంచుకుని ఉండేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు అలాంటివాళ్ళు ఉన్నారేమో, నేను చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం అక్క ఎప్పటిలాగే నాకు విస్తరి వేసి సంగటి పెట్టింది, పక్కన పులుసు పోసింది. ఇంకొంచెం పెట్టుకోరా అని నా చిన్నప్పటి నుంచీ రెండోసారి అడగకుండా నన్ను లేవనిచ్చిన మనిషి కాదు. ఆ రోజు అడగలేదు. నేను చెయ్యి కడుక్కుని బస్సు కోసం నడిచాను.