అత్త టీవీకి పచ్చకామెర్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. లోపలికి దిగదు, బయటికి రాదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే మంచిది. శ్రీకాకుళంలో టీవీలు అమ్మి, బాగుచేసి బతికినవాణ్ణి అనుకోండి, చాలు.

మా మేనత్తకి ఒక కన్ను పోయింది. పోకుండా ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపలేదు.

అత్తది గాజుల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. మావయ్య తొందరగా పోయాడు, పిల్లల్లేరు. నేనే ఆమెకి కొడుకునని ఊరంతా అనేది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఎవరైనా చీర కొంగు ఓ మూల చూపిస్తే చాలు, అత్త గోడనిండా ఉన్న గాజుల్లోంచి సరిగ్గా ఆ వన్నె తీసి చేతికి ఎక్కించేది. కళింగపట్నం నుంచి చేపలమ్మడానికి వచ్చిన ఆడవాళ్లు ఖాళీ తట్టలు గుమ్మంలో దించి, ఆమె దగ్గరే చేతులు చాపి కూర్చునేవారు.

మా వీధిలో మొదటి టీవీ ఆమెదే. నలుపు తెలుపుది. ఆ రోజుల్లో తెరకి ముందు మూడు రంగుల ప్లాస్టిక్ రేకు తగిలించేవారు, గుర్తుందా? పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. వార్తలు చదివే ఆవిడకి జుట్టు నీలంగా, గెడ్డం ఆకుపచ్చగా ఉండేది. అత్త రెండు రోజులు చూసి ఆ రేకు పీకి పారేసింది. తర్వాత పాటల్లో చీరలకి రంగులు తనే చెప్పేది. ఇది వంకాయ రంగు, అది చిలకపచ్చ, ఆ పిల్లది నెమలికంఠం. మేం పిల్లలం పందాలు కాసేవాళ్లం. ఎవరు గెలిచారో తేల్చేదీ ఆమే. ఎంత హాయిగా ఉండేదో ఆ గది! లక్కవాసన, వేరుశెనక్కాయలు, మా గోల. తెరమీద బొమ్మంటే నాకు ప్రేమ పుట్టింది అక్కడే. ఇప్పటి తెరల్లో ఆకు మీద ఈనె కూడా కనిపిస్తుంది. అయినా ఆ రంగులు నాకు మళ్లీ కనబడలేదు.

పెద్దవాణ్ణయి టీవీల కొట్టు పెట్టాక, అందులోంచి ఒక మంచి రంగుల టీవీ తీసుకెళ్లి ఆమె గదిలో పెట్టాను. వచ్చినవాళ్లందరికీ, మా మేనల్లుడు పెట్టాడని చెప్పేది. నా కొట్టుకి సగం బేరాలు ఆమె నోటిమీదే వచ్చేవి.

ఓ వేసవిలో కబురు పంపింది. టీవీకి పచ్చకామెర్లు వచ్చాయట. తెల్లచీరలన్నీ పచ్చగా, నీలాలన్నీ మట్టిగొట్టుకుని కనిపిస్తున్నాయట. వెళ్లి చూశాను. బొమ్మ నిక్షేపంలా ఉంది. అయినా కొట్లోంచి ఇంకో టీవీ తెచ్చి పక్కన పెట్టాను. అదీ పచ్చగానే ఉందంది. అంతలో నావైపు తిరిగి, చొక్కా మాసిపోయింది, మీ ఆవిడ ఉతకడం లేదేంటి అని వేళాకోళమాడింది.

అది ఆ ఉదయమే నీలిమందు పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

అప్పుడు తెలిసిపోయింది నాకు. కంటికి శుక్లం పొర వస్తే తెలుపు పచ్చబారుతుందని, ముందుగా నీలమే చస్తుందని మా వృత్తిలో ఉన్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు కొట్లోకి వచ్చి, ఈ టీవీ పచ్చగా ఉంది మార్చమంటే, నవ్వుకుని సెట్టింగుల్లో నీలం పెంచేవాళ్లం. సంతోషంగా పోయేవారు. అత్తకీ అదే చేశాను. నీలం పెంచాను, వెలుతురు పెంచాను. ఆమె మొహం విప్పారింది. నీ చెయ్యి పడితే చాలంది.

ఎందుకు చెప్పలేదు? గాజులమ్మే మనిషికి నీ కన్ను చెడిందని చెప్పడానికి నోరు రాలేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఆమె నొచ్చుకుంటుందని ఆగానట! అబద్ధం. చెబితే విశాఖపట్నం ఆస్పత్రికి తిప్పాల్సింది నేనే. అది పెళ్లిళ్ల కాలం, కొట్టు కిటకిటలాడుతోంది. దానికి మించి ఇంకోటి ఉంది, చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆమె నన్ను మెచ్చుకోవడం నాకు బాగుంది. కన్ను చెడితే డాక్టరు గొప్పవాడవుతాడు. టీవీ చెడితే నేను.

ఆ తర్వాత మళ్లీ పిలిచింది, మళ్లీ నీలం పెంచాను. మళ్లీ మళ్లీ. చివరికి ఆ తెరమీద మనుషులు నీట్లో నానినట్టుండేవారు. పక్కింటివాళ్లు అదేంటని అడిగితే, పచ్చకామెర్లు మీ కళ్లకే అని కసిరేది. కొట్లో గాజులు తప్పు రంగువి ఇవ్వడం మొదలైంది. ఆడవాళ్లు వెనక్కి తెచ్చేవారు. ట్యూబులైటు మీద పెట్టేది తప్పంతా. నేను ట్యూబులైటు కూడా మార్చాను. చూడండి ఎంత మంచి మేనల్లుణ్ణో.

ఒకరోజు కుడికన్ను ఎర్రబడి, తలపోటుతో వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు పరిగెత్తాను. పొర ముదిరి, కంట్లో ఒత్తిడి పెరిగి, నరం చచ్చిందన్నాడు డాక్టరు. ఆ కన్ను ఇక రాదు. ఎడమకంటికి ఆపరేషన్ చేస్తే చూపు నిలుస్తుందన్నాడు. చేశాడు, నిలిచింది. ముందే తీసుకొస్తే రెండూ దక్కేవని నన్ను చూసి అన్నాడు. నేను తల వంచుకున్నాను. అక్కడున్నవాళ్లు అది దుఃఖమనుకున్నారు.

కట్టు విప్పాక ఇంటికి తెచ్చాను. వస్తూనే టీవీ పెట్టమంది. పెట్టాను. నేను పెంచుతూ వచ్చిన ఆ నీలం సంగతి మరిచిపోయాను.

"ఒరే, ఏటిరా ఇది? అందరూ నీలంగా ఉన్నారు. ఇదేటి, ఇప్పుడే ఇలగైనాదా?"

"పాతదైపోనాదత్తా."

"మొన్నటిదాకా బాగానే ఉన్నాది గదా. నా కన్నుకేటైనా అయినాదేటిరా మళ్లీ? నిజం సెప్పు. డాక్టరు సరిగ్గా సెయ్యలేదేటి?"

ఆమె గొంతులో భయం. మిగిలిన ఆ ఒక్క కంటిని చేత్తో మూసి, తెరిచి, నన్నే చూస్తోంది. చెప్పడానికి అంతకంటే సందు ఏముంటుంది? మాట నోటిదాకా వచ్చింది.

"నీ కన్నుకేటీ కాలేదత్తా. టీవీదే. ఉండు, సూస్తాను."

టీవీ వెనక్కి వెళ్లి, తీగలేవో కదిపినట్టు నటించి, ముందుకొచ్చి రిమోటుతో పెంచిన నీలమంతా తగ్గించేశాను. మనుషులు మనుషుల్లా అయ్యారు.

"అదిగో, వొచ్చినాది! నువ్వు లేకపోతే నా బతుకేటైపోనురా నాయినా."

ఆ ఒక్క కంటితోనే చాలా ఏళ్లు బతికింది. గాజుల కొట్టు మాత్రం మళ్లీ తెరవలేదు. ఒంటికన్నుతో వన్నెలు పోల్చుకోలేనంది. కిందటేడు పోయింది. పోయేదాకా, వచ్చినవాళ్లకల్లా, నా టీవీని కాచుకున్నవాడు మా మేనల్లుడేనని చెప్పింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

మీరు నన్ను క్షమించలేరు, మీ కన్ను కాదు పోయింది. అడగను కూడా. ఆమెకి చెప్పాల్సిన మాట ఒకటుంది. మొదటిరోజే, ఆ తెల్లచొక్కాతో నిలబడ్డప్పుడే అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను, మీరు వినండి.

టీవీకేటీ కాలేదత్తా. నీ కన్నే. నాకు తెలుసు.