సరేకీ సారెకీ మధ్య సిగ్నల్

ఆ రోజుల్లో సెల్‌ఫోన్ చేతికి వచ్చింది గాని, సిగ్నల్ ఇంట్లోకి రాలేదు. అనకాపల్లిలో మా ఇంటికైతే డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్క మూలలో మాత్రమే దొరికేది. నేనప్పుడు సెల్ టవర్ల పనిలో కొత్తగా చేరాను. (కొత్త కాబట్టి అన్నీ తెలుసనుకునేవాణ్ణి.) రాజయ్యపేటలో ఒక అమ్మాయిని చూసి వచ్చాం. నాకు నచ్చింది. వాళ్లకి ఇంకో సంబంధం కూడా వచ్చి ఉంది, మా మాట ఆ సాయంత్రానికే చెప్పాలి. అమ్మ డాబా ఎక్కి ఫోను చెవికి నొక్కుకుని, "మాకు సరేనండీ! సరే! సరే!" అని అరిచింది. అటు సముద్రపు గాలి, ఇటు అరకొర సిగ్నల్. అమ్మాయి తండ్రికి అది "సారె" అని వినపడింది, పెళ్లయ్యాక కూతురితో పంపే మిఠాయిల సారె. "ఇంకా మాటే అవలేదు, అప్పుడే సారేటండి?" అన్నాడాయన, నొచ్చుకుని.

అమ్మ బిక్కమొహం వేసింది. "సారె అంతన్నారేట్రా?"

నా చదువు పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను. పాత రేడియో గరగరమంటూనే మాట వినిపిస్తుంది. డిజిటల్ ఫోను అలా కాదు, చెడిపోయి వచ్చిన ముక్కను తనకు తెలిసిన వాటిలో దగ్గరి దానితో సరిచేసుకుంటుంది, చేతకాకపోతే మింగేస్తుంది. మనిషి చెవీ అంతే. అందుకని ఒకదానికొకటి దూరంగా ఉండే మాటలు వాడాలని చెప్పాను. "అయితే ఆ దూరం మాటేదో నువ్వే సెప్పు," అంది అమ్మ వెనకే డాబా ఎక్కిన పెద్దమ్మ. "బెల్లం" అన్నాను. (ఈ ఊళ్లో పుట్టినవాడి నోటికి ఇంకేం వస్తుంది?)

ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయని మూడుసార్లు చెప్పమన్నాను. అమ్మ "బెల్లం! బెల్లం! బెల్లం!" అంది. మూడూ చక్కగా చేరాయి.

"సారెలోకి బెల్లం కూడానా? అనకాపల్లోలకి మేం బెల్లం అంపాలా?"

గుర్తుమాట రెండువైపులా ముందే తెలిసి ఉండాలన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోను లాక్కుని, "బెల్లం అంటే సరే అనండి!" అన్నాను. "సారె అనే కదండీ అంతన్నాను!" అన్నాడాయన. సంబంధం పోయిందనుకున్నాను. ఇంతలో అటు ఫోను చేయి మారింది. అమ్మాయి గొంతు, ఎందుకో స్పష్టంగా వచ్చింది: "ఇదిగోండి, మీకు ఇష్టమైతే ఇంకేటీ మాటాడకండి, ఫోను పెట్టీండి. లేదంటే మళ్లీ సెయ్యండి."

నేను బటన్ మీద వేలు పెట్టాను. చూస్తే సిగ్నల్ పోయి ఉంది. నేను పెట్టేశానా, అదే పోయిందా? చెబుదామంటే మళ్లీ ఫోను చెయ్యాలి, చేస్తే ఇష్టం లేదని అర్థం. ఆ రాత్రంతా ఫోను ముట్టుకోలేదు. పొద్దున్నే ముహూర్తం పెట్టుకుందామని వాళ్ల నాన్న బస్సు దిగాడు, చేతిలో బెల్లం దిమ్మతో.

పెళ్లయ్యాక ఆవిడ చాలాసార్లు అడిగింది. "నిజం సెప్పండి. మీరు పెట్టీసేరా, సిగ్నల్ పోయిందా?" నాకే తెలియదు కాబట్టి "సరే" అనేవాణ్ణి. "సారె ఎప్పుడో తినీసేరుగా" అనేది.

ఆవిడ పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి గదిలోనూ సిగ్నల్ ఉంటుంది. నేను మాత్రం సాయంత్రాలు డాబా మీద ఆ మూలకే వెళ్లి కూర్చుంటాను. అమ్మ చేత బెల్లం బెల్లం అని అరిపించిన ఆ కుర్ర ఇంజినీరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. నా వేలు ముందా, సిగ్నల్ ముందా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.