పొయ్యి వెనక గోడ

ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ భార్య చలికాలం పొద్దున్నే మూడు ఇటుకలు పెట్టి నీళ్లు కాస్తుంది. ఆ కట్టెల పొగ నాలుగో అంతస్తు దాకా వస్తే పక్క ఫ్లాటు వాళ్లు విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు. నా ఇంట్లో వద్దనేవాళ్లు ఎవరూ లేరు గనక నేను మాత్రం కిటికీ బార్లా తెరిచి నిలబడతాను.

చిన్నప్పుడు నాచారంలో మాది మట్టిగోడల పెంకుటిల్లు. రెండే గదులు. మధ్యగోడకి అటువైపు కట్టెల పొయ్యి, ఇటువైపు మా పడక. కార్తీకం దాటి పెంకుల సందుల్లోంచి చలి దిగడం మొదలయ్యేసరికి, పొద్దున స్నానాల నీళ్లు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం జొన్నరొట్టెలు అంటూ పొయ్యి ఆరేది కాదు. దినమంతా కాగిన ఆ గోడ తెల్లారేదాకా మాకు వెచ్చదనం ఇచ్చేది. మా నాన్నమ్మని బాపమ్మ అనేవాళ్లం. వంటయ్యాక ఆమె నిప్పుల్ని గోడవైపు నెట్టి, పైన బూడిద కప్పి, ఇవతలికి వచ్చి గొంగడి పరిచేది. "జర గోడకు జరుగు బిడ్డా, యెచ్చగుంటది" అనేది. వీపుకి గోడ, ముందు బాపమ్మ. అంత సుఖం మళ్లీ ఎరగను.

ఐదో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల, నా గౌను పొగ కంపు కొడుతోందని ముక్కు మూసుకుని వేరే బెంచీకి మారింది. నాకు తల కొట్టేసినట్టయింది. గ్యాసు వచ్చేదాకా బడికి పోనని నాయన దగ్గర మొండికేశాను. బాపమ్మ ఎవరిదో పెళ్లికని ఊరెళ్లిన వారంలోనే గ్యాసు వచ్చింది. నాయన నా సంబరం చూసి ఆ రోజే పొయ్యి తవ్వించి, అక్కడ షాబాద్ బండ వేయించాడు. అమ్మకి కళ్లమంట తప్పింది, నేనైతే గంతులేశాను.

బాపమ్మ తిరిగొచ్చిన రాత్రి గోడమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. "సల్లబడ్డదేందిరా గోడ" అంది. బొంతలు ఎన్ని కప్పినా చలి గోడలోంచే వచ్చేది. మోకాళ్లు పట్టేసి ఆమె లేవలేకపోయేది. పదిహేను రోజులు చూసి మూట కట్టుకుంది.

"పొయ్యి తీసేముందు నన్నొక్క మాట అడగకపోతివి. పెద్దోని కాడ ఇంక కట్టెల పొయ్యే ఉన్నది, ఆడనే ఉంట" అంది నాయనతో.

నాయన తలుపు పక్కన నిలబడ్డ నా వైపు ఒక్కసారి చూశాడు. "నాదే తప్పైందే అవ్వా" అన్నాడు తల్లితో. నేను తలుపు చాటుకి జరిగాను.

ఇప్పుడు ఆ జాగాలో నాలుగంతస్తుల భవనం ఉంది. నాచారమంతా తిరిగినా నాకు ఒక్క మట్టిగోడ కనబడలేదు. నా గదిలో హీటరుంది, ఒళ్లు వేడెక్కుతుంది గాని ఒంటరితనం పోదు.

పెదనాన్న దగ్గరికి వెళ్లిపోయిన మరుసటి చలికాలానికి బాపమ్మ లేదు. మా నాయన మీద అలిగే పోయింది. పొయ్యి తీయించింది నేనని ఆమెకి తెలియదు. తెలిసిన నాయన, బతికున్నన్నాళ్లూ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.