పగులు చూపిన దీపం: మా ఖాదర్ బాషా

నంద్యాల నుంచి ఖాదర్ బాషా భార్య మాబున్నీ ఫోన్ చేసినప్పుడు, నేను ఆళ్లగడ్డలో మా శిల్పుల కొట్టంలో రాతికి నునుపు పెడుతున్నాను. "ఆచారీ, మీ అన్న పోయినాడప్పా" అన్నది. ఏ అన్న అని అడిగాను. నేను అన్నా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే అని తెలిసి కూడా అడిగాను. మొన్ననే బస్టాండులో నాతో టీ తాగిన మనిషి నిద్రలోనే కన్నుమూశాడంటే నమ్మబుద్ధి కాలేదు. వెళ్ళి ముఖం చూశాక నమ్మక తప్పలేదు.

ఖాదరన్నది నంద్యాలలో కెమెరాలు బాగుచేసే దుకాణం. అందరి చేతుల్లో కెమెరా ఫోన్లు వచ్చి ఆ పని మూలబడ్డాక, కోయాక్సియల్ లైటింగ్ అనే విద్యను పట్టుకున్నాడు. కటకం ఏ దారిన చూస్తుందో వెలుగు కూడా అదే దారిన పోయి, అదే దారిన తిరిగి రావడం దాని కిటుకు. సగం వెలుగును దాటనిచ్చి సగాన్ని తిప్పికొట్టే అద్దాన్ని మధ్యలో వాలుగా అమరుస్తారు. నున్నటి రాయి ఆ వెలుగును సూటిగా వెనక్కి పంపి తెల్లగా మెరుస్తుంది. వెంట్రుకవాసి పగులున్నా అక్కడ వెలుగు చెదిరి నల్లటి గీత కనబడుతుంది.

పెద్ద నగరాల కర్మాగారాల్లో ఫోను అద్దాలూ సర్క్యూటు పలకలూ ఈ వెలుగులోనే పరీక్షిస్తారు. కంటి ఆపరేషన్ల మైక్రోస్కోపులోనూ ఇదే వెలుగు. నంద్యాల కంటి డాక్టర్ల యంత్రాలకు ఆ దీపాలు సరిచేస్తూనే ఆయన ఇల్లు గడుపుకున్నాడు. కర్మాగారాలకు దిగుమతి సరుకు ఉండగా ఆయన సొంతంగా తయారుచేసిన దీపం ఎందుకు? గ్రానైటు వ్యాపారులకు చూపించబోతే గుమ్మం దగ్గరే తిప్పి పంపారు. ఆయన నవ్వి, "సొంత సరుకులో తప్పు చూపే లైటును ఎవడు కొంటాడప్పా" అన్నాడు. ఆ నవ్వు వెనక ఎంత దిగులుండేదో నాకు తెలుసు.

ఆయన్ను ఆదరించింది మా నాయన. విగ్రహం పూర్తయ్యాక కబురు పెడితే ఖాదరన్న తన దీపంతో వచ్చేవాడు. మా కొట్టాల్లో ఒక కట్టుబాటు ఉంది. విగ్రహం ముందు "పగులు" అనే మాట ఎవరూ పలకరాదు. దాన్ని చూసినవాడు రాతి మీద చెంబెడు నీళ్ళు పోసి, మౌనంగా బయటికి పోవాలి. ఆ తడిని చూసి శిల్పి సంగతి తెలుసుకుంటాడు. మతం వేరైనా ఆ ఆచారాన్ని ఆయన మాకన్నా భక్తిగా పాటించాడు. అదే మా కొంప ముంచింది.

ఉయ్యాలవాడ వైపు ఒక పల్లె పెద్దలు అమ్మవారి విగ్రహం కోసం వచ్చిన రోజది. నాయన భోజనానికి ఇంటికి వెళ్ళాడు. అమ్మవారి పాదం దగ్గర ఖాదరన్నకు గీత కనబడింది. నీళ్ళు పోసి బస్సెక్కాడు. నాయన తిరిగొచ్చేసరికి రాయి ఆరిపోయింది. ఖాదర్ ఏమన్నాడని అడిగితే, "ఏమీ అన్లేదప్పా" అన్నారు ఆ నీళ్ళకు అర్థం తెలియని పెద్దలు. ఏమీ అనలేదంటే బాగున్నట్టే అనుకుని నాయన విగ్రహాన్ని బండికెక్కించాడు. కొన్నాళ్ళకు అభిషేకం జరుగుతుండగా ఆ పాదం ఊడి పూజారి చేతిలోకి వచ్చింది.

విన్న వెంటనే ఖాదరన్న ఆ పల్లెకు పోయి, జనం తిడుతున్నా నిలబడి, "నేను చూసినా. నోరు తెరవలా. తప్పు నాది, ఆచారిది కాదు" అని చెప్పాడు. నాయన ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ మళ్ళీ దేవుడి రాయి ముట్టలేదు. రోళ్ళూ గడపలూ చెక్కుతూనే కన్నుమూశాడు.

ఆనాటి నుంచి ఖాదరన్న ఏ కొట్టంలో చూసినా, ఎవరున్నా సరే, "ఈడ పగులుండాది" అని బిగ్గరగా చెప్పేవాడు. ఆ అనన్యసామాన్యమైన సత్యనిష్ఠకు దక్కిన ఫలం, ఒక్కొక్క కొట్టమే ఆయనకు తలుపు మూయడం. కొంచెం మెల్లగా చెప్పన్నా అని నేను బతిమాలితే, "నోరు మూసుకునే గదప్పా మీ నాయన చేతి విద్య పోగొట్టినా" అన్నాడు. మౌనంతో మా నాయన పిలుపు పోగొట్టుకున్నాడు, మాటతో అన్నం పోగొట్టుకున్నాడు. చివరికి పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఖననానికి మా శిల్పులు చాలామందే వచ్చారు. ఒక్కరూ ఆయన గురించి నోరు విప్పలేదు. మాబున్నీ వదిన ఆ దీపాన్ని బట్టలో చుట్టి, "నీకు తప్ప ఎవరికి పనికొస్తాదిలే" అని నా చేతికిచ్చింది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను నునుపు పెడుతున్న రాతి మీదే నిన్న ఆ దీపం వేశాను. విగ్రహం భుజం కింద సన్నని నల్లటి గీత కనిపించింది. రేపు దాన్ని తీసుకుపోవడానికి మనుషులు వస్తారు. వాళ్ళకు చెప్పాల్సిన మాటను ఒకసారి పలికి చూద్దామని ఒంటరిగా ఆ రాయి ముందు నిలబడ్డాను. అన్నా, ఎంత ప్రయత్నించినా గొంతు దాటి రాలేదు. ఆళ్లగడ్డలో ఆ మాట పలికే మనిషి నువ్వొక్కడివే.