చిన్నక్క చూసిన ఉప్పు

ఆ ఆఫీసు క్యాంటీన్‌లో పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తున్న ఆవిడకు సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పుస్తకంలో తప్ప దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ పెద్దక్క. మూడేళ్ళ క్రితం ఆవిడ తోడికోడలు, అంటే మరిది భార్య, అదే వంటగదిలో చేరింది కాబట్టి ఆమె చిన్నక్క అయింది. చేర్పించింది పెద్దక్కే. ఇంకో మనిషి అక్కర్లేదని మేనేజరు అంటే, చేతి కింద ఒకరు లేకుండా తన వల్ల కాదని రెండు రోజులు మూతి ముడుచుకుని మరీ చేర్పించింది.

తోడికోడళ్ళిద్దరూ ఇంట్లో ఒకే పొయ్యి, ఇక్కడా ఒకే పొయ్యి, ఎన్నాళ్ళు నెగ్గుకొస్తారో చూద్దామని కాచుక్కూర్చున్నవాళ్ళకి మాత్రం పండగ దొరకలేదు. ఇద్దరూ పొద్దున్నే ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, సాయంత్రం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు. ఒక్క సీటే దొరికితే పెద్దక్క చిన్నక్కని కూర్చోబెట్టి తను నిలబడేది. ఒళ్ళో ఇద్దరి సంచులూ పెట్టుకుని కూర్చున్న చిన్నక్క ఇంటిదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది.

రెండేళ్ళ క్రితం క్యాంటీన్‌కి తాజా కూరగాయలు రావడం ఆగిపోయింది. వాటి బదులు మంచు పట్టిన ప్యాకెట్లు రావడం మొదలైంది. బఠాణీలు, క్యారెట్ ముక్కలు, బీన్స్, మొక్కజొన్న గింజలు, అన్నీ కోసి, కలిపి, రాయిలా గడ్డకట్టించి పంపేవాళ్ళు. మొదటి వారం పక్క కూర ఎవరూ ముట్టలేదు. ముట్టుకున్నవాళ్ళు ఇది కూరా, తడిగుడ్డా అని అడిగారు. అడిగినవాళ్ళ తప్పేం లేదు. అందరూ చేసే పనే పెద్దక్కా చేసింది. ప్యాకెట్లు ముందురోజే బేసిన్‌లో పోసి, మంచు కరిగాక, ఆ నీళ్ళతో సహా వండింది. కూర నీరుగారిపోయి, ముక్క నోట్లో పెట్టుకుంటే పిండేసిన బట్టలా ఉండేది.

పెద్దక్కకి అది తల కొట్టేసినట్టయింది. చెయ్యి తిరిగిన వంటమనిషి అనిపించుకున్నది, బఠాణీ గింజ చేతిలో ఓడిపోవడమా? పదిహేను రోజులు పట్టు పట్టి దాని అంతు తేల్చింది. ముక్కల్ని కరగనివ్వకూడదు. వెడల్పాటి బాణలి నూనె లేకుండా ఉత్తదే పొయ్యి మీద పెట్టి, పొగ లేచేదాకా కాలనివ్వాలి. అప్పుడు ప్యాకెట్ చింపి, గడ్డల్ని అలాగే, బాణలి అడుగు నిండేంత మాత్రమే వెయ్యాలి. ఆశపడి ఇంకో గుప్పెడు వేస్తే అంతే సంగతులు. మూత పెట్టకూడదు. ఊరికే గరిటె పెట్టి కెలకకూడదు. నీళ్ళు ఇగిరిపోయి, ముక్క అంచు కాస్త ఎర్రబడ్డాక నూనె, దంచిన వెల్లుల్లి. ఉప్పు చిట్టచివర్న. ముందే వేస్తే ముక్క మళ్ళీ నీరు వదులుతుంది. దించాక మిరియాల పొడి, నాలుగు చుక్కలు నిమ్మరసం. అంతే కూర. ఇంత చిన్న కూర కోసం పై అంతస్తుల వాళ్ళు లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేవాళ్ళు. ఆ వైభవం అలా ఓ ఏడాది నడిచింది.

తర్వాత పెద్దక్కకి జ్వరం వచ్చింది. జ్వరం వారానికి తగ్గింది కానీ పోతూ పోతూ ఆవిడ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. వెల్లుల్లి దంచితే వాసన లేదు. నిమ్మకాయ నాకితే పులుపు లేదు. ఉప్పు చిటికెడు నోట్లో వేసుకుంటే ఇసక వేసుకున్నట్టుంది. డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఆ మాట నేనైనా చెప్పగలను, దానికి డాక్టరు చదువెందుకు?

వంటమనిషికి రుచి తెలియడం లేదంటే ఆ పొయ్యి దగ్గర ఎవరైనా నిలబడనిస్తారా? పెద్దక్క కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఆయన బస్సు డ్రైవరు. కడుపులో మాట దాచుకోలేని మనిషి. ఇంటి ముందు బస్టాపు నుంచి చివరి స్టాపు దాకా చేరవేస్తాడు. ఒక్క చిన్నక్కకే చెప్పింది. గిన్నెలు తోమే తొట్టి దగ్గర, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది. చిన్నక్క చేతులు తుడుచుకుని ఆవిడ భుజం పట్టుకుని, “నా నాలుకుందిగా అక్కా, నీకెందుకు బెంగ?” అంది. పెద్దక్క ఆ మాటకి ఏడ్చింది. అంత ఊరట ఆవిడకి అంతకు ముందెప్పుడూ కలగలేదు.

అప్పట్నుంచి ఏడాదిపాటు ఆ వంటగదిలో వండింది పెద్దక్క చెయ్యి, రుచి చూసింది చిన్నక్క నాలుక. ఉప్పు వేసే వేళకి పెద్దక్క ఏదో వంక పెట్టి చిన్నక్కని పిలిచేది. చిన్నక్క ఒక బీన్స్ ముక్క నోట్లో వేసుకుని తల ఊపేది, లేకపోతే ఇంకో అర చెంచా అనేది. ఇంట్లోనూ అంతే. మెచ్చుకోళ్ళు మాత్రం ఎప్పట్లాగే పెద్దక్కకి వచ్చేవి. ఆవిడా ఎప్పట్లాగే కొంగుతో మొహం తుడుచుకుంటూ, అబ్బే, ఇందులో ఏముందండీ అనేది. పక్కనే పళ్ళేలు పేర్చుకుంటూ ఉండే చిన్నక్క మొహం ఎలా ఉందో ఆవిడ చూడలేదు. చూడాలని తోచలేదు.

ఇంతలో ఆఫీసుని కొత్త భవనంలోకి మారుస్తామన్నారు. అక్కడ ఇంతకు మూడింతల వంటగది, ఆరుగురు మనుషులు, వాళ్ళ మీద ఒక పెద్ద వంటమనిషి. ఆ ఒక్కరూ ఎవరన్నది పరీక్ష పెట్టి తేలుస్తామని మేనేజరు ప్రకటించాడు. కావలసినవాళ్ళు పేరు ఇచ్చుకోవచ్చు. మంచు ప్యాకెట్ల పక్క కూర ఒక్కటే వండాలి. పెద్దక్క పేరు ఇచ్చింది. ఆవిడకి ఎదురు నిలిచేవాళ్ళెవరు? పరీక్ష ఉత్త తంతు అని అందరూ అనుకున్నారు. పెద్దక్క మాత్రం పైకి నవ్వుతున్నా లోపల ఆ పదవి మీదే ప్రాణం పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాయి. చివరికి ఒక్కసారి ఆ వంటగది తనదని ఎవరైనా నోరు తెరిచి అనాలి. అదీ ఆవిడ కోరిక.

పరీక్ష రోజు పొద్దున పదింటికి మేనేజరు, పెద్ద గుమాస్తా, పై అంతస్తు నుంచి ఒక అధికారిణి బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దక్క బాణలి పెట్టింది. పొగ లేచింది. ముక్కలు వేసింది. బుసబుసలాడిన నీళ్ళు తగ్గి చిటపటలు మొదలయ్యేదాకా చెవి అటే వేసి నిలబడింది. వాసన పోయాక ఆవిడ చెవితోనే వండుతోంది. నూనె, వెల్లుల్లి పడ్డాయి. ఉప్పు వేసింది, సరిగ్గా ఆ బాణలికి పట్టేంత, ఎన్నో వందల సార్లు వేసినంత. వేసి చిన్నక్కని కళ్ళతోనే పిలిచింది.

చిన్నక్క ముక్క నోట్లో వేసుకుంది. ఒక క్షణం ఆగింది. “చాల్లేదక్కా. ఇంకో చెంచా నిండా పడాలి” అంది, మెల్లగా.

పెద్దక్క చెంచా పట్టుకుని తటపటాయించింది. చెయ్యి చాలంటోంది. ఆ చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదు. కానీ కూర రుచి చూసింది చెయ్యి కాదు, చిన్నక్క. ఏడాదిగా ఒక్కసారి కూడా తనని నవ్వులపాలు చెయ్యని చిన్నక్క. పెద్దక్క తన చేతిని కాదని తోడికోడలి మాట నమ్మింది. చెంచా నిండా వేసింది.

అధికారిణి మొదటి ముద్దకే నీళ్ళ గ్లాసు అందుకుంది. పెద్ద గుమాస్తా నమిలినదాన్ని ఏం చెయ్యాలో తెలియక కిటికీలోంచి బయటికి చూశాడు. మేనేజరు మాత్రం ఆవిడ మీద గౌరవం కొద్దీ మింగి, “ఏంటి పెద్దక్కా, ఇవాళ ఉప్పు చెయ్యి జారినట్టుంది” అన్నాడు. ఆ తర్వాత కాగితం చూసి రెండో పేరు చదివాడు. చిన్నక్క.

పెద్దక్క ముందు ఏదో పొరపాటు అనుకుంది. చిన్నక్క పేరు ఇచ్చినట్టు ఆవిడకి తెలియదు. ముందురోజు సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, పరీక్ష గురించే మాట్లాడుకున్నారు, నువ్వేం బెంగపడకు అని చిన్నక్కే ఆవిడ చెయ్యి నొక్కింది. ఇప్పుడు అదే చిన్నక్క రెండో ప్యాకెట్ చింపి, ఉత్త బాణలిలో గడ్డల్ని గడ్డల్లాగే వేసింది. కెలకలేదు. మూత పెట్టలేదు. ఉప్పు చిట్టచివర్న వేసింది. తను చెప్పిన పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెబుతున్న శిష్యురాలిని పెద్దక్క గోడకి ఆనుకుని చూసింది. బల్ల దగ్గర ముగ్గురూ రెండోసారి వడ్డించుకున్నారు. అప్పుడు గానీ పెద్దక్కకి జరిగిందేమిటో పూర్తిగా ఎక్కలేదు.

సరుకుల గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆవిడ అడిగింది. అరవలేదు.

“సరిపోయిందని తెలిసే చాల్లేదని చెప్పావా?”

చిన్నక్క తల దించుకోలేదు. “తెలిసే చెప్పాను. ఏడాదిగా రుచి చూసింది నేను, పేరొచ్చింది నీకు. ఒక్కరితో అయినా, ఒక్కసారైనా, మా చెల్లెలు కూడా ఉందండీ అన్నావా?”

“నన్ను అడగొచ్చుగా.”

“అడిగితే ఇచ్చేదానివా అక్కా?”

పెద్దక్క ఇస్తాననబోయి ఆగిపోయింది. ఇచ్చి ఉండేది కాదు. అది ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా? ఇంకా ఎక్కువైంది. పేరు కావాలంటే కొట్లాడి తీసుకోవాలి, అందరి ముందూ నీకు రుచి తెలియదని అరిచి తీసుకోవాలి. అలా అరిచినా ఇంత బాధ ఉండేది కాదు. నమ్మి తన రుచినంతా చిన్నక్క నాలుక మీద పెడితే, ఆ నాలుకతోనే అబద్ధం చెప్పింది. ఇదే మాట చిన్నక్కతో అనేసింది. చిన్నక్క బియ్యం డబ్బా మూత సరిచేసుకుంటూ నిలబడింది.

కొత్త భవనంలో చిన్నక్క పెద్ద వంటమనిషి అయింది. పెద్దక్క తరిగే పని ఇమ్మని అడిగితే, తరగడానికేముంది, అన్నీ తరిగే వస్తాయి కదా అని మేనేజరు నవ్వాడు. కాబట్టి ఆవిడ మళ్ళీ బాణలి దగ్గరే నిలబడింది. చిన్నక్క వచ్చి ఉప్పు వేసి వెళ్ళేది. ఇద్దరూ అదే బస్సులో వెళ్ళేవాళ్ళు. సీటు దొరికినా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. పెద్దక్కకి రుచి తెలియదన్న సంగతి చిన్నక్క అప్పటికీ ఎవరికీ చెప్పలేదు. అందుకు మెచ్చుకోవాలో, ఇంకా భయపడాలో పెద్దక్కకి తెలియలేదు.

ఆదివారం ఇంట్లో మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. పెద్దక్క, భర్త, మరిది, చిన్నక్క. మామూలుగా అయితే వడ్డించే ముందు పెద్దక్క చిన్నక్కని వంటింట్లోకి పిలిచేది. ఈసారి పిలవలేదు. అదే బీన్స్, అవే బఠాణీలు, ఉప్పు తన చేతికి తోచినంత. గిన్నె మధ్యలో పెట్టి, కూర్చోకుండా నిలబడే చెప్పింది. జ్వరం వచ్చి పోయిన దగ్గర్నుంచి తనకి రుచీ వాసనా తెలియడం లేదని, ఇన్నాళ్ళూ చిన్నక్క చూసి చెబుతోందని, ఇవాళ ఎవరినీ అడగలేదని. పరీక్ష రోజు మాట మాత్రం ఎత్తలేదు.

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడాదిగా నాకెందుకు చెప్పలేదే అని ఆయన అడగలేదు. ఆయన మొహమే అడిగింది. మరిది తన భార్య వంక గర్వంగా చూశాడు. మా ఆవిడ వదినకి ఎంత సాయం చేసిందో అని పొంగిపోయాడు పాపం. ఆ చూపు తట్టుకోలేక చిన్నక్క కూర గిన్నె తన వైపు లాక్కుంది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“సరిగ్గా సరిపోయిందక్కా. చిటికెడు కూడా వెయ్యక్కర్లేదు” అంది.

అది నిజమే. ఆ కూరలో ఉప్పు ఆ రోజు కొలిచి వేసినట్టుంది. పెద్దక్క ఆ మాట విని, కాసేపు చిన్నక్క మొహంలోకే చూసి, భర్త వైపు తిరిగింది.

“మీరు తిని చెప్పండి, నిజమేనా?” అని అడిగింది.