బాగుందా, బాలేదా

ముందు స్కూటర్ దగ్గు వినిపించింది. హూవెయ్ ఊళ్ళో, చెరకు మిల్లు తీపి వాసన ముసురుకున్న సందులో అది రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి ఆగిపోయింది. చేతిబొమ్మలు ఆడించే హుంగ్ గురువు తలుపు తీశాడు. హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చింది తూ యీ-ఫాంగ్.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ప్రోగ్రాము ఒక్క వరస కూడా రాయలేదు. దేశదేశాల వాళ్ళు కలిసి రాసి ఊరికే పంచే సాఫ్ట్‌వేర్‌లో నిన్నటిదాకా సరిగ్గా ఉన్నది ఎప్పుడు చెడిందో, తనలాంటివాళ్ళ పక్కన కూర్చుని వెతికిస్తుంది. జీతం లేదు. అన్నం పెడితే తింటుంది.

గురువుకి డెబ్భై తొమ్మిది. తన గురువు నోట విన్న నాటకాలను టైపు చేస్తున్నాడు. నిలువు వరసల్లో మాటలు, వాటి పక్కన చీమల బారులా, ఎలా పలకాలో చెప్పే చిన్న గుర్తులు. కొత్త వెర్షన్‌లో ఆ చీమలు పక్క వరసలోకి పాకుతున్నాయి. అవి లేకుంటే శిష్యులు నోరు విప్పలేరు, ఆదివారం ఆట. పాత వెర్షన్‌లో శిష్యులు సరిచేసి పంపిన ఫైళ్ళు తెరుచుకోవు. చేత్తో రాద్దామంటే వేళ్ళు వణుకుతాయి. ఏ మార్పుతో చెడిందో చెబితే ఒక్కరోజులో బాగుచేస్తామని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు మాటిచ్చారు.

పాత వెర్షన్‌కీ కొత్తదానికీ మధ్య, మార్పుకొకటి చొప్పున అరవై నాలుగు మెట్లున్నాయి. నట్టనడిమి మెట్టు తెరిచి చూడమంది యీ-ఫాంగ్. బాగుంటే తప్పు పై సగంలో, బాలేకపోతే కింది సగంలో. ఉత్తరాన్ని ముందు ఏటికి ఇవతలా అవతలా అని చూసినట్టే. ఆయన చూసి చెప్పాడు, ఆమె కాగితం మీద రాసుకుంది. ఆరోసారికి ఒకే మార్పు మిగిలింది: తెర మీద ఒక బొత్తాం రంగు మార్చారట. దానికీ చీమలకీ సంబంధమే లేదు.

యీ-ఫాంగ్ కాగితం మీద వేలు పెట్టి వెనక్కి వెళ్ళింది; మూడోసారి బాగుందనేముందు ఆయన కాస్త తటపటాయించాడు. మూడోసారి నిజంగా ఏం కనబడిందని మెల్లగా అడిగింది.

గురువు మెడ వెనక గోక్కున్నాడు. "చివర్న ఒక్క గుర్తు కాస్త జరిగింది. ఊరికే ఇస్తున్నారు కదమ్మా, వాళ్ళ మొహం మీద బాలేదని ఎలా అంటాం?"

"బొమ్మ చెయ్యి వేలెడు పక్కకి పోతే శిష్యుణ్ణి ఏం చేస్తారు గురువుగారూ?"

"ఆట ఆపి, మొదట్నుంచీ ఆడిస్తా."

"మరింకేం?"

మూడోసారి చూసిన మెట్టు దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టారు. ఈసారి గురువు రాక్షసరాజు గొంతుతో తీర్పులిచ్చాడు. బాలేదు. దరిద్రంగా ఉంది. ఇది బాగుంది, అన్నం పెట్టొచ్చు. యీ-ఫాంగ్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ రాసుకుంది. చివరికి దొరికింది: నిలువు వరసల మధ్య ఖాళీని కొలిచే తీరు మార్చిన మెట్టు. అక్కడే కూర్చుని సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఉత్తరం రాసి పంపింది.

మర్నాడు మధ్యాహ్నం, ఇద్దరూ టర్కీకోడి అన్నం తింటుండగా బాగుచేసిన కొత్త మెట్టు వచ్చింది. గురువు గిన్నె పక్కన పెట్టి తెరిచాడు. చీమలన్నీ తమ తమ వరసల్లో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆయన మొదటి పలుకును పైకి చదివాడు. ఆ గొంతుతో గది నిండిపోయింది.

గుమ్మందాకా వచ్చి, ఆదివారం ఆటకి తప్పకుండా రమ్మన్నాడు. ఆమె స్కూటర్‌ని తన్ని లేపుతూ అంది:

"వస్తా గురువుగారూ. ముందు వరసలోనే కూర్చుంటా. బాలేకపోతే మొహం మీదే చెప్తా."